కాళ్ళు ముందొచ్చాయి, గట్టు తర్వాత వచ్చింది

తమ్ముడూ, నువ్వు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. దిండి దగ్గర ఎండాకాలం కుంటలు ఇంకిపోతే కొర్రమట్టలు బురదలో దాక్కుని వానల దాకా బతుకుతాయి, పైగా గాలి పీలుస్తాయి, అంటే చెరువులు ఎండిపోవడం వల్లే చేపలకు కాళ్ళొచ్చి గట్టెక్కాయా అన్నది మొదటిది. ఇప్పటి కొర్రమట్టకు కూడా ఎప్పటికైనా కాళ్ళొస్తాయా అన్నది రెండోది. మన నల్లగొండ గుట్టల్లో అలాంటి చేపల శిలాజాలు దొరుకుతాయా అన్నది మూడోది. కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి, ఈ పాఠమంటే నాకు ప్రాణం, కాబట్టి జవాబు పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

మొదటిదానికి నా జవాబు: కాదు. అయితే కొట్టిపారేయాల్సిన ఆలోచన మాత్రం కాదది. ఆల్‌ఫ్రెడ్ రోమర్ అనే అమెరికా శాస్త్రవేత్త గత శతాబ్దంలో అచ్చం ఇదే చెప్పాడు. మడుగు ఎండిపోయినప్పుడు పక్క మడుగు దాకా పాకగలిగిన చేపలే మిగిలాయి, అలా మళ్ళీ నీళ్ళు చేరుకోవడానికి పనికొచ్చిన రెక్కలే తరతరాలుగా కాళ్ళయ్యాయి అని ఆయన వాదన. చాలా ఏళ్ళు పాఠ్యపుస్తకాలు దీన్నే రాశాయి. కరువు చూసిన పాలమూరు, నల్లగొండ వాళ్ళకి చెప్పగానే నిజమే అనిపిస్తుంది కూడా. కానీ ఇది నిలబడాలంటే కాళ్ళున్న తొలి జంతువులు నేల మీద ఎంతో కొంత నడవగలిగి ఉండాలి కదా. 1987లో తూర్పు గ్రీన్‌లాండ్‌లో బయటపడిన ఎముకలు సరిగ్గా అక్కడే ఈ వాదనకు అడ్డం తిరిగాయి.

ఆ తవ్వకాలు నడిపింది కేంబ్రిడ్జ్ యూనివర్సిటీకి చెందిన జెన్నీ క్లాక్. దొరికిన జంతువు పేరు అకాంథోస్టెగా, వయసు సుమారు 36.5 కోట్ల ఏళ్ళు. దీనికి కాళ్ళున్నాయి, వేళ్ళున్నాయి, అందులో అనుమానమే లేదు. ముందు కాలికి ఎనిమిది వేళ్ళు! అప్పటిదాకా కాలు పుట్టినప్పటి నుంచీ వేళ్ళు ఐదే అని అందరూ నమ్మేవాళ్ళు. 1990లో క్లాక్, మైకేల్ కోట్స్ కలిసి ఈ సంగతి ప్రచురించాక ఆ నమ్మకం పోయింది, ఎందుకంటే అదే గ్రీన్‌లాండ్‌లో దొరికిన ఇక్తియోస్టెగా వెనక కాలికి ఏడు వేళ్ళు, రష్యాలో దొరికిన తులెర్పెటాన్‌కి ఆరు వేళ్ళు. ఐదు అనే లెక్క తర్వాత స్థిరపడింది. అంతకన్నా ముఖ్యమైనది ఆ కాలు ఎలా ఉందన్నది. అకాంథోస్టెగా ముంజేతిలోని రెండు ఎముకల్లో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, వాటి మీద ఒంటి బరువు నిలబడదు. ఆ కాలు తెడ్డులా నీళ్ళను తొయ్యడానికి, అడుగున మొక్కల మధ్య సందు చేసుకోవడానికి పనికొచ్చేదే తప్ప నడవడానికి కాదు. మెడ దగ్గరి ఎముకల మీద రక్తనాళాల గాడులు చూస్తే లోపల చేపకున్నట్టే మొప్పలున్నాయని తెలుస్తుంది. తోకకు పైనా కిందా పెద్ద రెక్క ఉంది. ఒక్క మాటలో, కాళ్ళూ వేళ్ళూ ఉండి కూడా నీళ్ళు వదలని జంతువు. ఆ ఎముకలు ఇంకా ఎదుగుతున్న పిల్ల జంతువులవని 2016లో తేలింది కాబట్టి పెద్దయ్యాక దాని జీవితం ఎలా ఉండేదన్న చర్చ ఇంకా నడుస్తోంది, అది వేరే సంగతి. ఇక్తియోస్టెగా కొంచెం బలిష్ఠమైనదే, దాన్ని నాలుగు కాళ్ళ మీద ఠీవిగా నడుస్తున్నట్టు పాత బొమ్మల్లో వేసేవాళ్ళు. 2012లో దాని కీళ్ళను కంప్యూటర్లో కట్టి తిప్పి చూస్తే కాళ్ళు అలా తిరగవని తేలింది. ముందు కాళ్ళు రెండూ ఊతంగా పెట్టి ఒంటిని ఈడ్చుకుంటూ పోగలదు, అంతే.

కాబట్టి నీ ప్రశ్న తిరగేసి అడగాలి. చేప గట్టెక్కడానికి కాళ్ళెలా తెచ్చుకుంది అని అడగకు. నీళ్ళలోనే ఉంటూ కాళ్ళూ, ఊపిరితిత్తులూ, మెడా ఎందుకు తెచ్చుకుంది అని అడుగు. అప్పుడు అన్నీ ఒక వరుసలో కుదురుకుంటాయి.

ముందు గాలి సంగతి చూద్దాం, నువ్వు కొర్రమట్టతోనే మొదలుపెట్టావు కాబట్టి. నల్లగొండలోనో మిర్యాలగూడలోనో చేపల మార్కెట్‌కి పో. రవ్వ, బొచ్చె ఐసు మీద పడి ఉంటాయి. కొర్రమట్టలు మాత్రం టబ్బులో, ఒళ్ళు మునిగీ మునగనన్ని నీళ్ళలో, ప్రాణంతో ఉంటాయి. పక్కనే కొద్దిసేపు నిలబడి చూడు. ఒక్కొక్కటే మూతి పైకెత్తి, గుటుక్కుమని ఒక గుక్క గాలి మింగి, మళ్ళీ కిందికి జారుతుంది. కాసేపాగి మళ్ళీ అదే పని. దానికది సరదా కాదు, అవసరం. వలలో చిక్కి పైకి రాలేకపోతే కొర్రమట్ట నీళ్ళలోనే ఊపిరాడక చచ్చిపోతుంది, ఏ ముదిరాజుల పెద్దాయన్నయినా బెస్తల పెద్దాయన్నయినా అడుగు, చెబుతాడు. ఇంటికి తెచ్చాక కోసేటప్పుడు మొప్ప మూత ఎత్తి చూడు. ఎర్రటి మొప్పలు కనిపిస్తాయి, కానీ వాటిమీద, పుర్రెకి కిందగా, ఇంకో చిన్న గది ఉంటుంది. దాని గోడలు మడతలు మడతలుగా, నెత్తురు నిండి ఉంటాయి. మింగిన గాలి చేరేది అక్కడికి, ఆక్సిజన్ నెత్తుర్లోకి ఎక్కేది అక్కడే.

ఇప్పుడు తేడా గమనించు. కొర్రమట్ట గాలి గది తలకాయలో ఉంది. మన ఊపిరితిత్తులు అన్నవాహిక మొదట్లో, కింది వైపు గోడ నుంచి సంచుల్లా పుట్టుకొస్తాయి. రెండూ చేసే పని ఒకటే, పుట్టిన చోటు వేరు, అంటే ఒకదాన్నుంచి ఇంకొకటి రాలేదు. ఊపిరితిత్తులే చాలా పాతవి. ఆఫ్రికా నదుల్లో బతికే బిచిర్ అనే చేపకు ఇప్పటికీ జత ఊపిరితిత్తులున్నాయి, అది మన వంశం వైపు చేప కూడా కాదు, కొర్రమట్ట వైపుది. కాబట్టి రెండు వైపుల చేపలకూ పూర్వీకురాలైన పాత ఎముకల చేపకే ఊపిరితిత్తి ఉండి ఉండాలి. రవ్వ, బొచ్చె కడుపులో తెల్లగా బుడగలా కనిపించే గాలితిత్తి ఆ పాత ఊపిరితిత్తి మారిన రూపమే. పిల్లలకి క్లాసులో ఇది చెబితే నమ్మేవాళ్ళు కాదు, గాలితిత్తే ఊపిరితిత్తి అయిందని రాసిన పాత గైడ్లు ఇప్పటికీ ఉన్నాయి. వరుస తిరగబడింది, సరిచేసుకో.

ఊపిరితిత్తి నీళ్ళలోని చేపకి ఎందుకు? లెక్క చిన్నది. లీటరు గాలిలో 210 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. లీటరు మంచినీళ్ళలో బాగా ఉంటే ఏడెనిమిది, వేడెక్కిన నీళ్ళలో ఐదు, కుళ్ళిన ఆకులు నిండిన మడుగులో ఇంకా తక్కువ. డెవోనియన్ యుగంలో, అంటే దాదాపు 42 కోట్ల నుంచి 36 కోట్ల ఏళ్ళ మధ్య, నేల మీద మొక్కలు పెరిగి, యుగం చివరికొచ్చేసరికి మొదటి అడవులే వచ్చాయి. ఆకులూ కొమ్మలూ నదుల్లోకి కొట్టుకొచ్చి, ఒడ్డుల వెంబడి లోతు లేని, గడ్డీగాదం నిండిన, ఆక్సిజన్ తక్కువ నీళ్ళు తయారయ్యాయి. అలాంటి చోట పైకొచ్చి గుక్కెడు గాలి మింగగలిగిన చేపకే బతుకు. చెరువు ఎండాల్సిన పనే లేదు, నిండుగా ఉన్నా నీళ్ళు చెడితే చాలు.

ఇక కాళ్ళు. కోడి రెక్క తిన్నప్పుడు ఎముకలు పారేయకుండా పళ్ళెంలో వరుసగా పెట్టి చూడు. పైన ఒకే ఒక్క ఎముక, దాని కింద రెండు, వాటి కింద చిన్న చిన్నవి, చివర వేళ్ళ గుర్తులు. నీ చెయ్యీ అంతే, మేక ముందు కాలూ అంతే, కప్పదీ అంతే. రవ్వ ఛాతీ రెక్క పీకి చూస్తే ఈ వరుస కనబడదు, మొదట్లో చిన్న చిన్న ఎముకలు పక్కపక్కన ఉండి వాటినుంచి పుల్లలు బయల్దేరతాయి. డెవోనియన్‌లో ఇంకో జాతి చేపలుండేవి, రెక్క మొదట్లో కండ, ఎముక ఉన్నవి. కెనడాలోని మిగాషా అనే చోట దొరికిన యూస్థెనోప్టెరాన్ అనే 38 కోట్ల ఏళ్ళ పైనాటి చేప రెక్కలో ఒక ఎముక, దాని కింద రెండు స్పష్టంగా కనబడతాయి. చూడ్డానికి నిఖార్సైన చేప, లోపల మన జబ్బ ఎముక, ముంజేతి ఎముకలు. ఈ జాతిలో ఇప్పటికీ మిగిలినవి రెండే రకాలు, ఊపిరితిత్తుల చేపలు ఒకటి, 1938లో దక్షిణాఫ్రికా తీరంలో వలకు చిక్కి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచిన సీలకాంత్ ఇంకొకటి. 2013లో సీలకాంత్ జీనోమ్ (మొత్తం జన్యు సమాచారం) చదివాక, మనకు దగ్గరి చుట్టం ఊపిరితిత్తుల చేపే అని ఖాయమైంది.

యూస్థెనోప్టెరాన్‌కీ అకాంథోస్టెగాకీ మధ్యదేదీ ఎందుకు దొరకలేదు అన్నది చాలాకాలం అందర్నీ తొలిచిన ప్రశ్న. నీల్ షుబిన్, టెడ్ డెష్లర్, ఫారిష్ జెంకిన్స్ అనే ముగ్గురు శిలాజ శాస్త్రవేత్తలు దీన్ని చాలా తెలివిగా పట్టుకున్నారు. కావలసిన వయసు తెలుసు, కావలసినవి పాత నదుల మట్టితో ఏర్పడిన రాళ్ళని తెలుసు, అలాంటి రాళ్ళు పైకి తేలి ఉండి ఎవరూ వెదకని చోటేదా అని భూగర్భ మ్యాపులు చూసి కెనడా ఆర్కిటిక్‌ని ఎంచుకున్నారు. ఇప్పుడక్కడ మంచు, అప్పట్లో ఆ నేల భూమధ్యరేఖకు దగ్గర్లో ఉండేది. ఏళ్ళతరబడి వెతికాక 2004లో ఎల్స్‌మియర్ దీవి మీద దొరికింది టిక్టాలిక్. 37.5 కోట్ల ఏళ్ళది, పెద్దవి తొమ్మిది అడుగుల దాకా ఉండేవి, 2006లో ప్రచురించారు. ముందే చెప్పిన వయసు రాళ్ళలో, ముందే ఊహించిన లాంటి జంతువు దొరకడం! నా మటుకు నాకు జీవపరిణామం మీద ఇంతకన్నా బలమైన సాక్ష్యం వేరే అక్కర్లేదు.

టిక్టాలిక్ ఒంటిమీద పొలుసులున్నాయి, రెక్కల చివర పుల్లలున్నాయి, అంటే చేపే. కానీ తల మొసలి తలలా చదును, కళ్ళు పైన. నెత్తిమీద గాలి పీల్చే రంధ్రాలు రెండు. పక్కటెముకలు వెడల్పుగా, గట్టిగా ఉన్నాయి. రెక్కలోపల జబ్బ, మోచెయ్యి, మణికట్టు లాంటి కీలు, దాంతో అడుగున ఆనించి ఒంటిని పైకెత్తగలదు. అన్నింటికన్నా నాకిష్టమైనది దాని మెడ. కొర్రమట్టను పట్టుకుని చూడు, తల ఒక్కటే పక్కకు తిప్పలేదు, తిరగాలంటే ఒళ్ళంతా తిరగాలి, ఎందుకంటే చేపలకు భుజం ఎముకలు పుర్రెకి అతుక్కుని ఉంటాయి. టిక్టాలిక్‌లో ఆ అతుకు ఎముకలు పోయాయి, మొప్ప మూత కూడా పోయింది. లోతు లేని నీళ్ళలో కాళ్ళు ఆనించి నిలబడి, ఒళ్ళు కదలకుండా తల తిప్పి వేటను అందుకోవచ్చు. 2014లో దాని నడుము ఎముక వివరాలు వచ్చాయి, అది దాదాపు భుజం ఎముకంత పెద్దది, అంటే వెనక రెక్కలు కూడా అప్పటికే బలపడ్డాయి.

వేళ్ళ సంగతి క్లుప్తంగా చెబుతా. మిగాషాలోనే దొరికిన ఎల్పిస్టోస్టెగే అనే చేప పూర్తి శిలాజాన్ని స్కాన్ చేస్తే రెక్క లోపలే, పుల్లల మధ్య, వేళ్ళ ఎముకలు కనిపించాయని 2020లో ప్రచురించారు. 2016లో షుబిన్ ల్యాబ్ వాళ్ళు జీబ్రా ఫిష్ అనే చిన్న చేపలో హాక్స్-13 జన్యువులను తీసేస్తే రెక్క పుల్లలు కుదించుకుపోయి, మొదట్లో ఎముకలు పెరిగాయి. ఎలుకల్లో అవే జన్యువులు వేళ్ళు తయారుచేస్తాయి. పాత సరంజామాతోనే కొత్త భాగం కట్టబడిందన్నమాట.

ఇంకో సంగతి దాచకూడదు. పోలండ్‌లోని జాకెల్మియే క్వారీలో సుమారు 39 కోట్ల ఏళ్ళ నాటి పాదముద్రలున్నాయని 2010లో ప్రకటించారు, అంటే టిక్టాలిక్ కన్నా కోటిన్నర ఏళ్ళ పైన ముందే. అవి చేపలు చేసిన గుంటలే అనేవాళ్ళూ ఉన్నారు, వాదన తెగలేదు. నిజమే అయితే టిక్టాలిక్ మన ముత్తాత కాదు, పాత పద్ధతిలోనే మిగిలిపోయిన పినతాత వరస అవుతుంది. ఎముకలు చెప్పే క్రమం మాత్రం దానివల్ల మారదు, కాలం వెనక్కి జరుగుతుంది అంతే. పరీక్షలో "టిక్టాలిక్ మానవుల పూర్వజీవి" అని రాయకు, "చేపలకు చతుష్పాదులకు మధ్య దశను చూపే శిలాజం" అని రాయి.

మరి గట్టు మీదికి ఎందుకెళ్ళినట్టు? తిండి ఒక కారణం. జెర్రులు, తేళ్ళ లాంటివి చేపల కంటే చాలా ముందే నేల చేరాయి, ఒడ్డున తిండి ఉంది, పోటీ లేదు. 2017లో ఒక బృందం శిలాజాల కళ్ళ గుంతలు కొలిస్తే, గట్టెక్కకముందే కళ్ళు దాదాపు మూడింతలు పెరిగాయని తేలింది. నీళ్ళలో చూపు ఎంత దూరం పోతుంది చెప్పు, కానీ కళ్ళు పైకి పెట్టి గాలిలోకి చూస్తే ఒడ్డంతా కనబడుతుంది. ఈ వాదన నాకు బాగా నచ్చింది, అయినా కారణం ఒక్కటే అని ఎవరైనా గట్టిగా చెబితే నమ్మకు.

గట్టెక్కాక కష్టాలు వేరే. మొప్పలు గాలిలో ఒకదానికొకటి అతుక్కుపోతాయి. నీళ్ళు మోసిన బరువు ఇప్పుడు వెన్నెముక మోయాలి. చేప నోరు తెరిచి నీళ్ళతో పాటు తిండిని లోపలికి లాగేస్తుంది, గాలిలో ఆ పని జరగదు, కాబట్టి కొరకాలి, నాలుక కావాలి. చేప దవడను పుర్రెకి ఆనించి పట్టే ఎముక ఒకటుంటుంది, ఆ పని తప్పాక అది చిన్నదవుతూ చెవిలోకి చేరింది. స్కూలు పుస్తకంలో అంకవన్నె (స్టేపిస్) అని చదువుకున్న ఎముక అదే, ఇప్పుడు నీ చెవిలో శబ్దం మోస్తున్నది ఒకప్పుడు చేప దవడను మోసింది. కప్ప ఇంతదాకా వచ్చి ఆగింది. తొలకరికి పొలాల్లో బెకబెకమనే బోదురు కప్పలకు గుడ్లు పెట్టడానికి నీళ్ళే కావాలి. ఎండిపోని పొరలున్న గుడ్డు పెట్టిన జాతులే నీళ్ళ నుంచి పూర్తిగా తెంచుకున్నాయి. గోళ్ళున్న అలాంటి జంతువు పాదముద్రలు ఆస్ట్రేలియాలో సుమారు 35.5 కోట్ల ఏళ్ళ నాటి రాతి మీద దొరికాయని 2025లో ప్రకటించారు. అనుకున్నదానికన్నా చాలా ముందు ఇది, పాఠాలు మళ్ళీ మారతాయి.

రెండో ప్రశ్న. కొర్రమట్టకు కాళ్ళొస్తాయా? దాని వంశం మన వంశంతో విడిపోయి 42 కోట్ల ఏళ్ళు దాటింది. కొర్రమీను జాతి శిలాజాల్లో బాగా పాతవి ఇప్పటి పాకిస్తాన్‌లో దొరికాయి, 5 కోట్ల ఏళ్ళకు అటూ ఇటూ. అప్పటి నుంచీ గాలి పీలుస్తూ, అవసరమైతే తడి నేల మీద కొంత దూరం మెలికలు తిరుగుతూ హాయిగా బతికేస్తోంది, దాని రెక్కలో మన లాంటి ఎముకల వరుస లేదు. జీవి దేన్నో చేరుకోవాలని మారదు, ఉన్నదాంట్లో ఈరోజు బతికించేదే మిగులుతుంది. మన రాష్ట్ర చేప మధ్యలో ఆగిపోయిన జంతువేం కాదు, దాని బతుక్కి అది సరిగ్గా సరిపోయింది. అయితే శరీరం ఎంత సాగుతుందో చూపించే ప్రయోగం ఒకటుంది: 2014లో కెనడాలో బిచిర్ పిల్లలను ఎనిమిది నెలలు తడినేల మీదే పెంచితే, అవి తల ఎత్తి, రెక్కలు ఒంటికి దగ్గరగా పెట్టి బాగా నడవడం నేర్చాయి, భుజం ఎముకల ఆకారం కూడా మారింది. అది ఆ చేపల్లో వచ్చిన మార్పే, వాటి పిల్లలకు సంక్రమించేది అని అనుకోవద్దు.

మూడోది. నల్లగొండ, పాలమూరు గుట్టలు ఎక్కువభాగం 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్, కరిగిన రాయి చల్లారి గట్టిపడింది, అందులో శిలాజం ఉండదు. దేవరకొండ దాటి అమ్రాబాద్, నాగార్జునసాగర్ వైపు పొరలు పొరలుగా కనిపించే రాళ్ళు నీళ్ళలో ఏర్పడినవే, కానీ వెన్నెముక అనేదే పుట్టకముందువి. కొంచెం పడమర, వికారాబాద్ దగ్గర నస్కల్‌లో లావా పొరల మధ్య మట్టిలో 6.6 కోట్ల ఏళ్ళ నాటి చిన్న క్షీరదం పళ్ళు దొరికాయి, దక్కన్ పేరుతోనే దానికి డెక్కనోలెస్టెస్ అని పేరు పెట్టారు. నీకు కావలసింది మాత్రం ఉత్తరాన, పాత ఆదిలాబాద్ జిల్లా మాలేరి ఎర్రమట్టిలో ఉంది. 22 కోట్ల ఏళ్ళ పైనాటి ఆ మట్టిలో ఊపిరితిత్తుల చేప సెరటోడస్ పళ్ళ పలకలు, మొసలంత పెద్ద ఉభయచరాల ఎముకలు దొరికాయి. డెవోనియన్ కాలపువి కావు గానీ, నేను పైన రాసిన వంశాలు రెండూ ఒకే మడుగులో కలిసి బతికిన చోటు మన రాష్ట్రంలోనే ఉంది. ప్రాణహిత–గోదావరి లోయలోనే తవ్వి తీసిన కోటసారస్ డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు, పరీక్ష కోసం సిటీకి పోయినప్పుడు చూసి రా. నాలుగు కాళ్ళలో పై ఎముక ఒకటి, కింద రెండు ఎక్కడున్నాయో వెతుకు. ఎప్పుడైనా మాలేరి వైపు పోతే, ఎముకలా ఉన్న రాయి కనిపిస్తే తవ్వకు, జేబులో వేసుకోకు. ఏ పొరలో ఉందో తెలియకపోతే దాని విలువ సగం పోయినట్టే. పక్కన ఒక పెన్ను పెట్టి ఫొటో తీసి, లొకేషన్‌తో సహా హైదరాబాద్ బండ్లగూడలోని జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఆఫీసుకి పంపు.